మేనత్త సద్దిగిన్నె

మా ఇళ్లలో ఎవరు జాగా కొనబోయినా మేనత్త వెంట వెళ్లేది, చేతిలో సద్దిగిన్నెతో. ప్లాట్లు అమ్మేవాళ్లు పెట్టే బిర్యానీ ఆమె ఏనాడూ ముట్టలేదు.

మాకు మిగిలిన ఆఖరి పొలం అమ్మి, ఆ డబ్బుతో నేను హాలియా దారిలో ప్లాటు చూడబోయిన రోజూ అంతే. ఆ డబ్బు పోతే ఇక మాకేమీ లేదు. వెంచర్ ఏజెంటు పొగలు కక్కే పళ్లెం నా చేతికిచ్చి, "దొరా, మీ అసొంటోళ్లు కొంటెనే మా వెంచర్‌కు ఇజ్జత్" అన్నాడు. నన్నెవరైనా దొరా అని పిలిచి ఎన్నేళ్లయిందో! అక్కడికక్కడే బయానా డబ్బు ఇచ్చేద్దామనిపించింది.

అత్త జొన్నరొట్టె విరుస్తూ, "పళ్లెం కింద పెట్టు అల్లుడా. ముందుగాల జాగంత తిరుగు. కాయితాలు వకీలుకు చూపియ్యి. ఇంటికి పోయి తిన్నంకనే మాటియ్యి" అంది.

"తింటే ఏమైతదత్తా?"

"వాళ్లది తిన్నంక కాదనేటందుకు నోరు రాదు. మా నాయిన గీ సుట్టుపక్కల భూములన్ని ఎట్ల రాయించుకున్నడనుకున్నవు? ముందుగాల కడుపు నిండ పెట్టేటోడు. ఆ యెనక కాయితం తెచ్చేటోడు."

తాతగారు పెట్టిన భోజనాల గురించి ఊరూరా గొప్పగా చెప్పుకున్నవాణ్ణి నేను. పళ్లెం కింద పెట్టి, ఆకలితోనే హద్దురాళ్లు చూడటానికి లేచాను.