ఉప ఎన్నికలో నా సంతకం

మా నియోజకవర్గంలో ఎమ్మెల్యే సీటు ఖాళీ అయిందని, ఉప ఎన్నిక పెడతారని పేపర్లో చదివి చాలా సంతోషించాను. ఏ పార్టీ మీదా ప్రేమతో కాదు. పోయిన ఎన్నికల నాటికే నాకు రాయడం వచ్చు. నారాయణపేటలో మా బిడ్డ ఇంటి దగ్గరి పెద్దల బడిలో యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. అయినా పోలింగ్ గదిలో ఉద్యోగి నా నెరిసిన తల చూసి, బొటనవేలు పట్టుకుని స్టాంపు ప్యాడ్ మీద నొక్కేశాడు. నేను నోరు తెరిచేలోపు ముద్ర పడిపోయింది. ఇక ఐదేళ్లు ఆగాలనుకున్నాను. ఇంత తొందరగా ఇంకో అవకాశం వస్తే వదులుకుంటానా?

ఇప్పుడు బిడ్డ దగ్గరే ఉంటున్నా, ఓటు మాత్రం కేతేపల్లి దగ్గరి మా ఊళ్లోనే ఉంది. పోలింగ్ రోజు ఉదయం ఐదున్నరకు నారాయణపేటలో బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. ఏడుంబావుకు మహబూబ్‌నగర్. అక్కడ నాలుగు ఇడ్లీలు తిని ఎనిమిదింటికి నల్లగొండ బస్సు పట్టుకున్నాను. జడ్చర్ల దాటాక ఎర్ర చెలకలు, పత్తి చేన్లు, నడుమ నడుమ రాళ్ల గుట్టలు.

కండక్టర్ నా ఓటరు స్లిప్పు చూసి అడిగాడు.

“ఓటు కోసం గింత దూరమా అవ్వా? ఎంతిస్తమన్నరేంది?”

“ఇచ్చేదేంది కొడుకా, ఇడ్లీ పైసలు గూడ నాయే.”

“అయితే నీది అసలైన ఓటు,” అని ముందు సీటు ఖాళీ చేయించాడు.

కల్వకుర్తి దగ్గర టైరు పంక్చరై గంట పోయింది. ఓటుకు వెళ్లేవాళ్లు ముందురోజే బయలుదేరడం మేలు. పోలింగ్ ఐదింటికి ముగుస్తుంది. నల్లగొండ చేరేసరికి ఒకటిన్నర. అక్కడి నుంచి నకిరేకల్, తర్వాత కేతేపల్లి, అక్కడ కిరాయి ఆటో. ఊళ్లో బడి ముందు దిగేసరికి మూడుముప్పావు.

ఆడవాళ్ల వరుస పొడుగ్గా ఉంది, మగవాళ్లది పొట్టిగా ఉంది. ఒక ఆడమనిషి తర్వాత ఒక మగమనిషిని లోపలికి పంపుతున్నారు. నా తర్వాతి వంతు సోమిరెడ్డి పటేల్‌ది. ముప్పై ఏళ్లు ఆయన పొలంలో నాట్లు వేశాను.

నా పేరు చదివారు, వేలికి సిరా పెట్టారు. రిజిస్టరు దగ్గరి ఉద్యోగి తల ఎత్తకుండానే స్టాంపు ప్యాడ్ నా వైపు జరిపి, “బొటనవేలమ్మా” అన్నాడు. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

“పెన్నియ్యి బిడ్డా.”

ఆయన నన్ను చూశాడు, గడియారం చూశాడు, పెన్ను ఇచ్చాడు. గడి చిన్నది. నేను నేర్చుకున్నది పలక మీద. చింతమళ్ల సైదమ్మ అని ఇంటిపేరుతో సహా రాసేసరికి, వత్తులు రెండూ గీత దాటి కింది గడిలోకి దిగాయి. కింది గడి పటేల్‌ది.

ఆయన వంగి చూసి, “ఏంది సైదమ్మా, నా జాగల గూడ నువ్వే కూసున్నవు. నేనేడ వెట్టాలె?” అన్నాడు.

“జర సర్దుకో పటేలా. ముప్పై ఏండ్లు నీ మడిల నేను దిగిన. ఇయ్యాల నా వత్తులు దిగినయి.”

గదిలో అందరూ నవ్వారు. ఒక క్షణం ఆగి ఆయనా నవ్వాడు. ఎప్పుడూ గాలిపటం తోకలా సాగే ఆయన సంతకం ఆ రోజు ఓ మూలకు చీమంత పడింది.

అట్ట చాటుకు వెళ్లి మిషన్ మీది పేర్లన్నీ పైనుంచి చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లూ గుర్తు చూసి నొక్కడమే తప్ప, ఎంతమంది నిలబడ్డారో నాకు తెలియదు.

“అమ్మా, అయిందా?” అని కేకేశారు.

“ఇంక ఐదుగురున్నరు సార్.”

అందరినీ చదివాకే మీట నొక్కాను.

ఆ రాత్రి మా అక్క ఇంట్లో పడుకుని, పొద్దున్నే తిరుగు ప్రయాణమయ్యాను. నల్లగొండలో దేవరకొండకు పోయే ఒకామె నా పక్కన కూర్చుంది. పేరు లింగమ్మ. ఆమె చూపుడువేలికీ సిరా ఉంది, బొటనవేలికీ ఉంది. నా బొటనవేలు శుభ్రంగా ఉండడం చూసి, “నీకేమాయె, ముద్ర ఏపిచ్చుకోలేదా?” అని అడిగింది. జరిగింది చెప్పాను. ఆమె తన టికెట్ వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టింది.

“నాది గూడ రాసి సూపియ్యక్కా.”

బస్సు కుదుపులకు గీతలు వంకర పోతూనే ఉన్నాయి. దేవరకొండ వచ్చేసరికి ఆమెకు ‘లింగ’ వరకే వచ్చింది. టికెట్ మడిచి రవికలో పెట్టుకుని దిగుతూ వెనక్కి తిరిగింది.

“మిగిలిన సగానికి ఇంకో ఎమ్మెల్యే సీటు ఖాళీ గావాల్నేమో అక్కా.”