సినిమా అమ్మ గొంతు

కుటుంబ హాస్య చిత్రాల్లో అన్నదమ్ముల మధ్య నలిగిపోయే తల్లులకు గొంతు ఆవిడదే. డబ్బింగ్ గదిలో తెర మీది తల్లి పెదవి కదిలేదాకా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. కదలగానే తిడుతుంది, ఏడుస్తుంది, బుజ్జగిస్తుంది. ఇంటికొస్తే మాత్రం గొంతు అరిగిపోతుందని మూగనోము పడుతుంది. కొడుకులిద్దరూ జుట్లు పట్టుకున్నా చెయ్యి అడ్డం పెట్టడమే గాని పల్లెత్తు మాట అనదు.

ఆ సాయంత్రం కిటికీ పక్క మంచం కోసం కలియబడితే పెద్దవాడి పెదవి చిట్లింది. "అమ్మా, నీకు నేనంటే ఇష్టమా, వాడంటే ఇష్టమా?" అన్నాడు.

ఆవిడ గొంతు సవరించుకుంది. "మీరిద్దరూ నాకు రెండు కళ్ళురా, కన్నా!" అంది. చివర్లో సన్నటి వణుకు కూడా సరిగ్గా పడింది.

"అది సినిమాలో అమ్మ గొంతు. నీ గొంతుతో చెప్పు," అన్నాడు పెద్దవాడు.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. పిల్లలిద్దరూ కొట్లాట మరిచిపోయి, ఆవిడ పెదవి ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ నిలబడ్డారు.