గేజీ మావయ్య

మొన్నొక ఉదయం మా అపార్ట్‌మెంటు మేడ మీది ట్యాంకు పొంగి, నీళ్లు మెట్ల మీదుగా మూడో అంతస్తు దాకా దిగివచ్చాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి గోడకి బిగించాడు. “ఇక మీరెవరూ పైకెక్కి చూడక్కర్లేదు మాసీమా, నిండగానే మోటారు అదే ఆగిపోతుంది” అని బెంగాలీలో చెప్పి, అది ఎలా పనిచేస్తుందో కూడా వివరించాడు. ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి సగం తప్పే చెబుతున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా విన్నాను. ఇన్నేళ్లు చెప్పినదాన్ని, ఎదుటివాళ్లు చెబుతుంటే వినడంలో ఒక సుఖం ఉంది. అలాంటి డబ్బా ఒకటి నేనూ చేశాను, ఎనభైల్లో, ఇంజనీరింగు చివరి ఏడాది. అది బిస్కెట్ల రేకు డబ్బా అంత ఉండేది. దాని మూలంగా మా మావయ్యకి జరిగినదాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న ఓడరేవు డాకుల్లో క్రేను నడిపేవాడు. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి పెళ్లికి ముందే కలకత్తా వచ్చేశాడు. వాట్‌గంజ్‌లో మా వీధిలో సగం ఇళ్లు మా ఊళ్ల వాళ్లవే, మిగతా సగం ఎవరెవరివో. నాకు ఇంజనీరింగులో సీటు వచ్చిందనగానే వీధంతా సంతోషించింది గానీ, ఎలక్ట్రానిక్స్ అంటే ఏమిటో ఎవరికీ బోధపడలేదు. “ఏటి సదువమ్మా అది? కరెంటు పనా?” అని నాన్న అడిగాడు. కాదన్నాను. “మరి రేడియోలు బాగుసేస్తావేటి?” అన్నాడు. దాదాపు అలాంటిదే అన్నాను, అక్కడే పొరపాటు చేశాను. మొదటి ఏడాది సెలవులకల్లా మా గుమ్మం ముందు పదకొండు రేడియోలు పోగయ్యాయి. ఒక్కటీ బాగుచేయలేకపోయాను. మొదటి ఏడాదంతా మాకు ఇనుప ముక్కని ఆకురాయితో చతురస్రంగా అరగదీయడం, బోల్టు బొమ్మని మూడు వైపుల నుంచి గీయడం నేర్పారు. మా అమ్మ ఆ రేడియోల మీద గుడ్డ కప్పి, ఎవరడిగినా “పరీచ్చలు సేస్తంది” అని చెప్పేది.

క్లాసులో ఆడపిల్లలం ముగ్గురం. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, ట్రాములో హిందీ, క్యాంటీన్లో బెంగాలీ, పాఠం ఇంగ్లీషు. గాజు వాల్వుల కాలం పోయిందని చెబుతూనే వాటి గురించి ఏడాదిన్నర చెప్పారు. ల్యాబులో ఆసిలోస్కోపు తెర మీద ఆకుపచ్చ అల నిలకడగా నిలబడిందని మురిసేలోగా లోడ్‌షెడ్డింగు వచ్చేది. ఆ అల ఒక చుక్కగా ముడుచుకుని ఆరిపోయేది. ల్యాబు అటెండరు తాళాలు పట్టుకుని “చోలో, చోలో” అని అందర్నీ బయటికి తోలేవాడు. నాలుగేళ్లలో మేము ఎలక్ట్రానిక్స్ ఎంత నేర్చుకున్నామో, కరెంటు కోసం మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం అంతకన్నా బాగా నేర్చుకున్నాం. బయట గోడల నిండా ఎర్ర అక్షరాలు. యంత్రాలు మనుషుల అన్నం తింటాయని, కంప్యూటర్లు వద్దని ఊరేగింపులు. మా నాన్న కూడా ఒక ఊరేగింపులో నడిచి వచ్చి, కాళ్లు కడుక్కుని, “నీ సదువులో ఆ మిసన్లు నేవు కదా?” అని అనుమానంగా అడిగాడు. లేవన్నాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పనిలో చేరి, తర్వాత మురికినీటి పంపింగ్ స్టేషన్‌లో గేజీ చూసే మనిషయ్యాడు. అక్కడి యూనియన్ కమిటీలో కూడా ఉండేవాడు. ఊళ్లో కురిసిన వానంతా, వాడిన నీళ్లంతా కాలవల్లోంచి వచ్చి అక్కడొక పెద్ద బావిలో పడేది. ఆ బావి గోడకి అడుగులు రాసిన కొయ్య పలక ఉండేది. దాన్నే గేజీ అనేవారు. మావయ్య నాచు పట్టిన మెట్లు పది దిగి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి, పైన పంపు గదిలో ఉన్నవాడికి వినపడేలా బెంగాలీలో “బారో ఫుట్!” అని, అంటే పన్నెండడుగులని, కేక పెట్టేవాడు. పన్నెండడుగులు దాటితే రెండో పంపు, పదిహేను దాటితే మూడోది. మా బంధువుల పెళ్లిళ్లలో మాట్లాడినా ఆయన గొంతు అలాగే ఉండేది, బావి అడుగు నుంచి మాట్లాడినట్టు.

చివరి ఏడాది ప్రాజెక్టుకి ఏం చేయాలో తోచక ఉన్నప్పుడు ఈ గేజీ గుర్తొచ్చింది. మూడు ఇత్తడి కడ్డీలు మూడు ఎత్తుల్లో వేలాడదీస్తే, నీళ్లు ఏ కడ్డీని తాకితే దానికి సంబంధించిన బల్బు పైన వెలుగుతుంది. అంతే సంగతి. మా ప్రొఫెసరు కాగితం చూసి, “బకెట్లో ఎవరైనా చేస్తారు. నిజమైన నీళ్లలో నెల రోజులు పెట్టి చూపించు” అన్నాడు. మావయ్యని బతిమాలాను. ఆయన స్టేషన్ ఇంజనీరుని నోటిమాటగా అడిగి, సరేననిపించుకుని వచ్చాడు. చాందనీ బజారులో ముక్కలు కొని, మా వంటింట్లో అతికి, ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నం కడ్డీలు దింపాం. ఆకుపచ్చ బల్బు వెలిగింది. మావయ్య దాన్నీ, కింద గేజీనీ మార్చి మార్చి చూసి, “నాను అరవకముందే ఇది సెప్పేస్తందే!” అని నవ్వాడు.

వారానికి రెండుసార్లు కాలేజీ అయ్యాక వెళ్లి నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. నేను లేనప్పుడు ఆయనే చూసేవాడు. పదో రోజున, నేను గేటు దాటుతుండగానే ఎదురొచ్చాడు. “నీ కడ్డీలు సిక్కిపోతన్నాయే గుంటా. దింపినప్పుడు బొటనేలంత ఉండేవి, ఇయ్యాల సిటికినేలు అయిపోనాయి. కింద కొసల్లో మరీని. నీల్లు తింతన్నాయా, నీ కరెంటు తింతందా?” అన్నాడు. మూడో ఏడాది పుస్తకంలో ఉన్న సంగతే అది. ఒకే దిక్కుగా పారే కరెంటు నీళ్లలో లోహాన్ని కొరికేస్తుంది. చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను గానీ కడ్డీలు దింపేటప్పుడు తట్టలేదు. అటూ ఇటూ మారే కరెంటు పంపేలా సర్క్యూటు మళ్లీ కట్టాను. ఆ తర్వాత కడ్డీలు చిక్కలేదు. మావయ్య రోజూ వేలితో కొలిచి చూసేవాడట.

నాలుగో వారంలో, ఒక రోజు వానలో బస్సు దిగి స్టేషన్‌కి వెళ్లేసరికి, రేకుల కప్పు కింద పనివాళ్లు ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. మట్టి కప్పుల్లో టీ. మధ్యలో యూనియన్ సెక్రటరీ, అందరూ దాదా అనే పెద్దమనిషి. మావయ్య లేచి నిలబడి ఉన్నాడు. అప్పటికి ఆయన చెప్పాల్సింది చెప్పేశాడు. అదేమిటో నాకు తెలియదు. నా బల్బుల డబ్బా మాత్రం దాదా ముందు బల్ల మీద, తీగలు వేలాడుతూ ఉంది. నాకు అర్థమైంది ఒక్కటే: మావయ్య యంత్రం తెచ్చాడని దోషిగా నిలబెట్టారు.

దాదా గొంతు పెంచలేదు. “రా అమ్మా. నువ్వు చదువుకున్నదానివి, నిజం చెప్పు. దీన్ని ఇక్కడ పెట్టమని ఎవరన్నారు?” అని బెంగాలీలో అడిగాడు.

“మావయ్యకి ఏమీ తెలియదు దాదా. ఆయన ఏమీ అడగలేదు. నా పరీక్ష కోసం, నా మార్కుల కోసం నేనే బతిమాలి పెట్టించుకున్నాను” అన్నాను. ఆయన్ని కాపాడుతున్నానన్న గర్వం నాకు.

వెనక వరసలో ఒకరు చిన్నగా నవ్వారు. మావయ్య నా వైపు చూడకుండా బావి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత తెలిసింది. నేను రావడానికి రెండు నిమిషాల ముందు, అదే ప్రశ్నకి ఆయన “ఆమి బోలేఛి దాదా, నేనే చెయ్యమన్నాను” అని జవాబు చెప్పాడు. కిందటి వానాకాలం ఒక ముసలాయన ఆ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి, గేజీ మనిషి దిగే అవసరం లేకుండా పైనుంచే చూడటానికి మేనకోడలి చేత చేయించానన్నాడు. ఇది యంత్రం కాదు, పనివాళ్ల రక్షణ అన్నాడు. సగం మంది తలలు ఊపారు. దాదా కూడా ఊపబోతున్నాడు. అప్పుడు నేను గేటు తోసుకుని వచ్చాను.

దాదా చెడ్డవాడు కాదు. వెళ్లేటప్పుడు నన్ను పిలిచి, “నీ డబ్బా మంచిదే అమ్మా. కానీ యంత్రం ఎప్పుడూ ఒంటరిగా రాదు. దాని వెనకాలే ఒక కాగితం వస్తుంది, ఇన్ని పోస్టులు అక్కర్లేదని. నువ్వు డబ్బా చూశావు, మేము ఆ కాగితం చూశాం” అన్నాడు. మావయ్యని యూనియన్ కమిటీ లోంచి తీసేశారు, తోటివాళ్లకి అబద్ధం చెప్పినందుకు. గేజీ పని మరొకరికిచ్చి, ఆయన్ని కాలవకి అడ్డంగా ఉన్న ఇనుప జాలీ దగ్గర వేశారు. కాలవలో కొట్టుకొచ్చే చెత్తని, పాలిథీన్‌ని, ఒక్కోసారి చచ్చిన కుక్కని, పొడుగు గొర్రుతో లాగి ఒడ్డున వేసే పని. ఆ వానాకాలమంతా ఆయన మా ఇంటికి వస్తే, గుమ్మం బయటే రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వచ్చేవాడు.

క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఒక్కసారే, అది కూడా తిన్నగా కాకుండా, “నేను ఆ రోజు రాకుండా ఉండాల్సింది మావయ్యా” అన్నాను. ఆయన అన్నం కలుపుకుంటూ, “నువ్వు నిజివే సెప్పినావు, నాను అబద్దవాడినాను. ఇందల నీ తప్పేటుంది? తిను” అన్నాడు. మళ్లీ ఆ మాట మా మధ్య రాలేదు. ఆయనకి కోపం ఉంటే బాగుండేదనిపించేది.

ఆఖరి పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు నా పట్టికలు చూసి, ఈ కొలతలు ఎక్కడ తీశావని అడిగాడు. స్టేషన్ పేరు చెబితే మావయ్యకి ఇంకేం ముంచుకొస్తుందోనని, “ఇంట్లో నీళ్ల తొట్టిలో సర్” అన్నాను. “తొట్టిలో పదిహేనడుగుల నీళ్లా?” అన్నాడాయన. తొట్టిలోని అంగుళాల్ని అడుగులుగా లెక్కగట్టానని ఏదో సణిగాను. మా ప్రొఫెసరుకి నిజం తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ప్రాజెక్టులో బొటాబొటీగా గట్టెక్కాను. ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం మావయ్య భోజనం ఆపి, చాలాసేపు నవ్వాడు. “సెప్పాల్సిన కాడ సెప్పవు, సెప్పకూడని కాడ సెప్తావు. నీకు ఇంజనీరు పని కన్నా పంతులమ్మ పనే మేలే గుంటా” అన్నాడు. అన్నట్టుగానే పాలిటెక్నిక్‌లో పంతులమ్మనయ్యాను.

తర్వాతి ఏడాది గేజీ పని ఆయనకి తిరిగి ఇచ్చారు. కొన్నేళ్లకి మరో మనిషి ఆ మెట్ల మీదే జారిపడ్డాడు. ఈసారి యూనియన్ ఇచ్చిన కోరికల జాబితాలో, గేజీ మనిషి దిగకుండా పైనుంచే నీటిమట్టం తెలిసే ఏర్పాటు కావాలని ఒక అంశం చేరింది. రాసింది దాదాయే. ఆ మాటలు దాదాపు ఆ రోజు మావయ్య చెప్పినవే. ఏర్పాటు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మావయ్య ఉద్యోగంలో ఆఖరి రెండేళ్లు మెట్లు దిగకుండా, కుర్చీలో కూర్చుని బల్బులు చూసి కేక పెట్టాడు. ఇప్పుడు ఎదురుగానే ఉన్న పంపు మనిషికి కూడా అదే కేక. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకెవర్నీ వేయలేదు. దాదా చెప్పిన కాగితం అలా వచ్చింది.

నాలుగేళ్లు చదివి, ముప్పై ఏళ్లు చదువు చెప్పి, నిజానికీ అబద్ధానికీ తేడా సులువుగానే తెలుస్తుందనుకుంటూ బతికాను. మావయ్య అబద్ధం నిజమవడానికి పట్టినది కొన్నేళ్లే. ఆ రోజు నేను చెప్పిన నిజం ఎవరి కోసమో నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కాలం ఈ ఒక్క ప్రశ్నని నాకే వదిలేసి తన దారిన తాను పోయింది.