రాజుగారి పొడుం పాట

మొదట ఆ చప్పుడు వచ్చేది. రాజంపేట దారిలో, రాళ్ళ మీద కాగుతున్న ఎండే మూలుగుతున్నట్టు, అడుగుకొకసారి "గుయ్... గుయ్" మని. ఆ తరువాత తలమీద హార్మోనియం పెట్టెతో లేవి కనిపించేవాడు.

వారమంతా బావులు తవ్వడం, ఆదివారం చర్చిలో పెట్టె వాయించడం అతని పని. పలుగు పట్టి కాయలు కాచిన ఆ వేళ్ళు పెట్టె మెట్ల మీద పడితే, వేసవిలో బావి అడుగున చెమ్మ తగిలినట్టుండేది వినేవాళ్ళకు.

1936లో పుల్లయ్య అనే రైతు ఊళ్ళో ఒక హాస్యనాటకం కట్టాడు. ముక్కుపొడుం అయిపోయిందని పక్కరాజ్యం మీద యుద్ధానికి పోయే రాజు కథ. రాజు వేషం పుల్లయ్యదే. పాటలున్నాయి, పెట్టె లేదు. చుట్టుపక్కల ఉన్నదల్లా చర్చి పెట్టె ఒక్కటే.

చర్చి సంఘపెద్ద ఏసురాజు దాన్ని ఒక షరతు మీద ఇచ్చాడు. "ఇది దేవుని పెట్టె లేవీ. దీనికి అగౌరవం జరిగిందా, మళ్ళా నువ్వు ముట్టేది లేదు. చర్చిలో కూడా."

లేవికి ఆ పూట అన్నం సయించలేదు. పెట్టె పోతే తనకు మిగిలేది పలుగూ, చీకటి బావీ.

ఇంకో చిక్కు కూడా ఉంది. అతనికి వచ్చినవి చర్చిలో నేర్చిన పదకొండు కీర్తనల వరసలే. వాటినే ఎద్దులను అదిలించినట్టు తోలి నాటకానికి సర్దాడు. అన్నిటికన్నా నెమ్మదైన వరస పరుగందుకుని రాజుగారి పొడుం పాట అయింది. భార్య రాహేలమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పింది.

"ఇది శవాన్ని మట్టి చేసేటప్పుడు పాడేది కాదా?"

"బిర్రున పోతే ఎవరికి తెలుస్తాదిలే," అన్నాడు లేవి.

నాటకం రోజు పొద్దు గుంకకముందే జనం నిండారు. సంఘంవాళ్ళు ఒక పక్క, మిగతా ఊరు ఇంకో పక్క. తెర లేచింది. అంతమందిని చూసి పుల్లయ్య గుటకలు మింగాడు. భయంతో పాట కాళ్ళీడ్చింది.

"తోలు సామీ, తోలు!" అని లేవి గొణిగాడు. పుల్లయ్యకు వినపడలేదు. పాడేవాణ్ణి వదిలేసి పెట్టె ముందుకు పోలేదు కదా, లేవి వేళ్ళూ నెమ్మదించాయి. వరస తన పాత నడకలోకి వచ్చేసింది.

ముందుగా ఏసురాజు లేచాడు. తలగుడ్డ తీసి కళ్ళు మూసుకున్నాడు. వెంటనే సంఘమంతా లేచింది. ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు. పోయిందెవరో తెలియకపోయినా జ్ఞానమణి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏందప్పా, వాళ్ళు లేసినారు?" అన్నారెవరో రెండో పక్క.

"రాజు వచ్చినాడు కదప్పా! వాళ్ళకుండే మర్యాద మనకు లేదా యేం?" అంటూ ఓబన్న లేచాడు. వెనకే ఊరంతా లేచింది.

పుల్లయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టి ఇంత గౌరవం ఎరగడు. మరింత నిదానంగా మళ్ళీ అందుకున్నాడు:

"పొడుమా, నా పొడుమా, నన్నొదిలి పోయినావా..."

జ్ఞానమణి బావురుమంది. పాట ముగియగానే ఏసురాజు "ఆమేన్" అని కళ్ళు తెరిచాడు. ఎదుట అట్టకిరీటం పెట్టుకున్న రాజు ఖాళీ పొడుం డబ్బీ వాసన చూసి తుమ్ముతున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక లేవి పెట్టె మీద గుడ్డ కప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏసురాజు నోరు తెరిచేలోగా తలుపు దగ్గర పుల్లయ్య, అతని వెనక ఓబన్న, ఇంకో ఇరవైమంది.

"ఏసురాజప్పా! నా పాటకు ఊరినంతా లేపి నిలబెట్టినావు. మీ చర్చి కప్పు కారుతాండాదంట కదా. రేపు మా బండ్లు బోదగడ్డి తెస్తాయి, మా మనుషులే కప్పుతారు," అన్నాడు పుల్లయ్య.

ఏసురాజు పైకి చూశాడు. కప్పు చిల్లుల్లోంచి ఎండ అతని తెల్ల అంగీ మీద చుక్కలు చుక్కలుగా రాలుతోంది.

"పెట్టె నువ్వే వాయించు లేవీ," అన్నాడు చివరికి. "నాటకంలో మాత్రం ఎప్పుడూ నిదానంగా వాయించాకు."

ఆ నాటకం ఆడిన పదేళ్ళూ లేవి ఆ మాట నిలబెట్టుకున్నాడు. పుల్లయ్య ఆయాసంతో సింహాసనం మీద కూలబడినా వేగం తగ్గించలేదు.

ముసలితనంలో లేవి, పాత నాటకాల సంగతులు రాసుకుందామని వెళ్ళిన నాకు ఇదంతా చెప్పి, సాగనంపడానికి గడప దాకా వచ్చి అన్న ఆఖరి మాట:

"రాసుకుంటే రాసుకో నాయనా. ఆ దినం జనం లేసింది నా వాయింపుకని రాయి. పుల్లయ్య సామికి మాత్రం సదివి ఇనిపియ్యాకు. పాపం, ఇప్పటికీ తనకేనని అనుకుంటాండాడు."