రహమత్బీ తట్టి చూసిన లిస్బన్

రహమత్బీ దేన్నీ ఊరికే నమ్మదు. పాలడబ్బా మీద తేదీ చూశాక కూడా మూత తీసి వాసన చూస్తుంది. కూరగాయలవాడు తూకం వేస్తుంటే ముల్లు కాదు, వాడి వేలు ఎక్కడుందో చూస్తుంది. అలాగని ఆమెకు అనుమానం పుట్టుకతో రాలేదు. టైలరింగ్ పని అని చెప్పిన ఏజెంటును నమ్మి ఆమె అన్న ఒకప్పుడు సౌదీ వచ్చి, ఎడారిలో గొర్రెలు కాచి వట్టి చేతులతో ఊరికి పోయాడు. అప్పటినుంచి ఈ రాయచోటి మనిషికి నమ్మకమంటేనే ఒళ్ళుమంట. ఇప్పుడు ఆమే ఆ సౌదీలో, అల్ ఖోబర్ ఊళ్ళో తుగ్బా పేటలో, రెండో అంతస్తు గదిలో కూర్చుని ఆడవాళ్ళు పైన వేసుకునే నల్ల అబాయాలకు అంచులు కుడుతుంది.

మొగుడు బాబ్జాన్ కంపెనీ డ్రైవరు. పేరుకు కంపెనీ గానీ, ముదీరు, అంటే మేనేజరు గారి ముసలి తల్లికి కారు తోలడమే అతని పని. ఆ ఇంట్లో అందరూ ఆమెను ‘మామా’ అంటారు, అమ్మా అన్నట్టు. రహమత్బీ ఆమెను రెండుసార్లు చూసింది. గడ్డం పైకెత్తుకుని, ఎవరివైపూ చూడకుండా, పెదవి విప్పకుండా కూర్చునే మనిషి. పొగరు అనుకుంది.

జూన్‌లో ఆ కుటుంబమంతా సెలవులకు పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు ప్రయాణం కట్టి, బాబ్జాన్‌నూ రమ్మన్నారు.

“ఆడ కారు తోలేది ఉందా?” అని అడిగింది రహమత్బీ.

“లేదు.”

“మరి నువ్వేంటికి?”

“సామాన్లు మొయ్యాల గదా” అని బాబ్జాన్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆమె మనసు అక్కడే ఆగిపోయింది.

వెళ్ళిన మర్నాటి నుంచి వీడియోలు మొదలయ్యాయి. ఇంట్లో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి ఊరంతా వర్ణిస్తున్నాడు. ఇరుకు సందులో గోడకు ఆనుకున్నట్టే పోయే పసుపుపచ్చ ట్రాము. నీలిరంగు పూల బిళ్ళలు అతికించిన ఇళ్ళు. కిటికీకీ కిటికీకీ మధ్య తాడు కట్టి ఆరేసిన దుప్పట్లు. వాకిట్లోనే బొగ్గుల మీద చేపలు కాల్చే ఆడవాళ్ళు. “చూడు మే, ఈ తలుపు మూసినట్టే ఉంటాది, తోస్తే లోపల నిమ్మచెట్టు, బావి. ఈ ఊరోళ్ళకే తెల్దంట” అంటాడు. ఇంకో రోజు అరచేతిలో పట్టే గుడ్డుసొన బిళ్ళ చూపించి, పైన మాడినట్టుంటుందిగానీ లోపల వెన్న అన్నాడు. సాయంత్రం ఒక చిన్న హోటల్లో దీపాలు తగ్గించి ఒకామె ఏడుపు లాంటి పాట పాడితే, అందరూ చెంచాలు కింద పెట్టి విన్నారట. చెర్రీపండ్ల సారా అమ్మే అంగడి ముందు మాత్రం “నేను చూసింది మాత్రమే” అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఆ ఒక్క మాటకే రహమత్బీకి రెండు రోజులు అన్నం సయించలేదు.

నిజానికి ఆమెకు అంతకంటే పెద్ద అనుమానం ఉంది. పోయిన చలికాలం కంపెనీ బస్సులో అందరూ రియాద్ సంబరాలకు వెళ్ళారు. అక్కడ ఒక మైదానంలో యూరప్ వీధులు కట్టి పెట్టారు. గడియారం గోపురం, రాతి ఇళ్ళు, పూలకుండీలు. అందరూ ఫోటోలు దిగుతుంటే రహమత్బీ పోయి గోడను వేలితో తట్టింది. డొల్ల. పలక మీద రంగు. “ఇదేనా మీ యూరప్?” అని అక్కడే నవ్వింది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఈ మొగుడు లిస్బన్ పోయాడో, రియాద్‌లో ఆ పలకల వీధుల్లోనే ఇంకెవతెతోనో తిరుగుతున్నాడో ఎవడు చూశాడు? “రాత్రి తొమ్మిదైతాంది, ఇంకా మగ్రిబ్ కాలేదు, చూడు ఎండ” అన్నాడు ఒక వీడియోలో. పొద్దుగూకగానే చేసే మగ్రిబ్ నమాజు తొమ్మిదికి ఏ దేశంలో ఉంటుంది? అబద్ధం చెప్పేవాడు కాస్త కుదురుగా చెప్పొద్దా?

పక్కగది మేరాజ్ బేగం హైదరాబాదీ, సర్దిచెప్పబోయింది. “అక్కడ ఎండాకాలం పొద్దు ఆలస్యంగ గూకుతదంట అక్కా. నువ్వు ఊకె పరేషాన్ కాకు.”

“నువ్వు చూసినావా?” అంది రహమత్బీ.

అదీగాక, ఏ వీడియోలోనూ బాబ్జాన్ రెండో చెయ్యి కనబడదు. ఒక చేత్తో ఫోను పట్టుకుంటాడు. రెండోది ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న వచ్చాక అబాయా అంచు వంకరపోయి, కుట్టంతా విప్పాల్సి వచ్చింది.

చివరికి వాయిస్ మెసేజ్ పెట్టింది. “ఆ పూలగోడను తట్టి చూపించు. శబ్దం నాకు వినపడల్ల.”

మర్నాడు వీడియో వచ్చింది. బాబ్జాన్ నీలిబిళ్ళల గోడ దగ్గరికి పోయి తట్టాడు. వేలితో కాదు, మోచేత్తో. గట్టి రాయి చప్పుడు. రహమత్బీ ఊపిరి వదిలేలోపే, ఫోను వెనకనుంచి ఒక ఆడమనిషి నవ్వింది. సిగ్గులేకుండా, కడుపునిండా, పడుచుపిల్ల నవ్వినట్టు నవ్వింది. వీడియో టక్కున ఆగిపోయింది.

గోడ నిజమే. ఊరూ నిజమే. అయితే ఆ నవ్వు కూడా నిజమే. రహమత్బీ మిషను ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎవరని అడిగితే “ఇప్పుడు చెప్పకూడదు మే, మాటిచ్చినా” అన్నాడు. అంతటితో ఆమె పెట్టె సర్దేసింది. రాయచోటికి పోవడమే. తీరా చూస్తే, ఆమె ఇకామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి కార్డు, మొగుడి కింద ఉంది. మొగుణ్ణి వదిలిపోవాలన్నా ఎగ్జిట్ వీసా కొట్టాల్సింది ఆ మొగుడే. తనలో తనే తిట్టుకుంటూ మెసేజ్ పెట్టింది.

“వచ్చినంక నాకు ఎగ్జిట్ కొట్టు. లేదంటే ఆ నవ్వేదాన్ని తెచ్చి నా ఎదురుగా నిలబెట్టు. రెండిట్లో ఏదో ఒకటి చెయ్యందే ఈ గడప తొక్కొద్దు.”

వాళ్ళు తిరిగొచ్చిన రోజు సాయంత్రం కింద కారు ఆగింది. రహమత్బీ పెట్టెను తలుపు దగ్గర నిలబెట్టి, మెట్ల పైన నిలుచుంది. కిందనుంచి బాబ్జాన్ గొంతు వచ్చింది. వచ్చీరాని అరబ్బీలో, మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఎరగని గొంతు. ఇక్కడ మెట్టు విరిగింది, ఎడమపక్క నీళ్ళ డ్రమ్ము, గోడకు పచ్చరంగు, పైన ఎవరో ఎర్ర తువ్వాలు ఆరేశారు అంటున్నాడు.

మలుపు తిరిగారు. ముందు బాబ్జాన్. వెనక మామా. ఇద్దరి మధ్య ఒక చేతికర్ర. ఒక కొన అతని చేతిలో, ఇంకో కొన ఆమె చేతిలో. పరాయి మగవాడి చెయ్యి పట్టుకోకూడదు కాబట్టి కర్ర. ఆమె కళ్ళు ఎటో పైకి చూస్తున్నాయి. రహమత్బీ పొగరనుకున్న చూపు అది.

“ఈమెకు కండ్లు సగానికి పైనే పోయినాయి మే” అన్నాడు బాబ్జాన్. “కొడుకులకు తెలిస్తే గడప దాటనియ్యరని దాచిపెట్టింది. వాళ్ళు అంగళ్ళకు పోయినప్పుడు ఆడ ఊరంతా ఆమెకు చెప్పిందే నీకూ చెప్పినా. నేను చెప్తాంటే ఆమె చూస్తాది. నీకొక్కదానికి చెప్పొచ్చని ఈరోజే ఒప్పుకుంది.”

మామా గాలిలోకి చెయ్యి చాచి గోడను వెతికి, మోచేత్తో టక్ టక్‌మని తట్టింది. తట్టి నవ్వింది. అదే నవ్వు.

రహమత్బీ పెట్టెను కాలితో పక్కకు జరిపి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పాలు లేని సులేమానీ టీ చేసి ఇచ్చింది. మామాను ఇంటి దగ్గర దింపి బాబ్జాన్ తిరిగి వచ్చేసరికి రహమత్బీ మళ్ళీ తలుపు దగ్గరే నిలబడి ఉంది. అనుమానం పోయింది. కోపం మాత్రం అప్పుడే మొదలైంది.

“ఆమెకు తాడు మీది దుప్పటి గూడా చెప్పినావు. ఇన్నేండ్లు ఈ ఖోబర్‌లో ఉన్నాం. నాకు ఒక్క గోడన్నా చెప్పినావా?”

“నీకు కండ్లుండాయి గదా మే.”

“ఉండాయి. యాడికన్నా తీసకపోయినావా, చూసేదానికి?”

బాబ్జాన్ తల గోక్కున్నాడు.

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఇద్దరూ సముద్రం ఒడ్డున కార్నిష్‌కు పోయారు. రహమత్బీ కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది. “కర్ర అక్కర్లేదు, నేను నీ పెండ్లాన్ని. చెప్పు.”

బాబ్జాన్ ఆ చెయ్యి పట్టుకుని, ఆ మెట్ల మీది గొంతుతోనే మొదలుపెట్టాడు. కుడిపక్క ఖర్జూరచెట్ల వరస. ఒకాయన చాప పరిచి టీ పోసుకుంటున్నాడు. నీళ్ళు ఒడ్డున పచ్చగా, దూరాన నీలంగా ఉన్నాయి. తెల్లపడవ ఒకటి పోతాంది.

ఆమె ఒక కన్ను కొంచెం తెరిచి, పడవ నిజంగా తెల్లదేనా అని చూసుకుంది. తెల్లదే. మళ్ళీ మూసుకుంది.