సౌండ్ తీసేసిన సీరియల్

ములుగు దాటి బస్సు టేకు చెట్ల మధ్య పోతున్నప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. "అత్తమ్మ పోయింది. నిద్రల్నే పాణం పోయిందట. నువ్వు ఆగమాగం గాకు, నేను ఈడనే ఉన్న" అన్నాడు. నేను కండక్టర్‌ని. చేతిలో టికెట్ మిషన్ ఉంది, ముందు సీట్లో ముసలాయన ఏటూరునాగారానికి టికెట్ అడుగుతున్నాడు. ఇచ్చాను. ఆ తర్వాత దారి పొడవునా మంచు కిటికీలకు ఆనుకుని వస్తూనే ఉంది. బస్సు ముందుకు పోతోందో, అడవే వెనక్కి పోతోందో తెలియలేదు. ఎవరో ఎక్కుతున్నారు, ఎవరో దిగుతున్నారు, ఏదో అడుగుతున్నారు. నాకు మాత్రం ఒక్క మాటా చెవికెక్కలేదు.

మా ఆయనకు అత్తమ్మ, నాకు పెద్దమ్మ. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. వరంగల్‌లో మా ఎదురిల్లు, అంతే. ధాన్యం మార్కెట్‌కు దగ్గరి వాడకట్టు మాది, మిర్చి సీజన్ వస్తే ఇంటింటా తుమ్ములే. పెద్దమ్మ ఆ ఇంటి ముందు గదిలో కూర్చుని జాకెట్లు కుట్టేది. తుమ్ముకుంటూ కూడా కుట్టేది. ఏనాడూ కుట్టు వంకర పోయింది లేదు.

సాయంత్రం ఒక కామెడీ సీరియల్ వచ్చేది. మీకందరికీ తెలిసిన సరుకే. మొగుడు మట్టిబుర్ర. పెళ్లాం చేతిలో అప్పడాల కర్ర. అత్త తలుపు చాటున. మొగుడు వంటింట్లోకి పోయాడంటే పోపు మాడాల్సిందే, మాడగానే కనపడని జనమెవరో గొల్లున నవ్వాల్సిందే. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్లు ఆ గదిలోనే చతికిలబడి చూసేవాళ్లు. కుట్టు మిషన్ చప్పుడులో టీవీ వినపడేది కాదు. సౌండ్ పెంచితే ఇల్లంతా గోల. "ఇనవడని దానికి ఆళ్లు మొత్తుకునుడెందుకు?" అని పెద్దమ్మ ఒకరోజు సౌండ్ మొత్తం తీసేసింది. తీసేసి, తానే మాటలు చెప్పడం మొదలుపెట్టింది.

అదిగో, అక్కడ పుట్టింది మా సీరియల్. తెర మీద ఆ పిల్ల కర్ర ఎత్తి మొగుడి మీదికి వస్తుంటే, పెద్దమ్మ పెదాల మధ్య సూది పెట్టుకునే పలికేది: "ఏమయ్యో, చపాతీలు నేను ఒత్తుత, నువ్వు కాల్చు." మొగుడు చేతులు జోడించి గడగడ వణికితే, "నీకు దండం బెడుత, గా పట్టుచీర ఇప్పి జర పాత చీర కట్టుకో, చెమటల తడుస్తానవ్." మేము నవ్వీ నవ్వీ కడుపులు పట్టుకునేవాళ్లం. దారం తెగి మిషన్ ఆగిందంటే తెర మీది మనుషులంతా మూగవాళ్లయ్యేవాళ్లు. నోళ్లు తెరుస్తూ మూస్తూ, పెద్దమ్మ దారం ఎక్కించేదాకా ఎదురుచూసేవాళ్లు. సందెవేళ ఆ గదిలో మిషన్ చప్పుడు, మసక వెలుగు, ఆ బొమ్మల పెదాల మీద ఈమె గొంతు. ఏది సీరియలో, ఏది మా వాడకట్టో కలగలిసిపోయేది.

"ఎందుకు పెద్దమ్మా, అసలు మాటలు బాగలెవ్వా?" అని అడిగానొకసారి.

"పాపం, గా పిల్లకు అరుసుడు తప్ప వేరే మాట రాసియ్యలేదు ఎవ్వలు. వానికేమో భయపడుడు తప్ప వేరే పనియ్యలేదు. ఎన్నేండ్లని గదే చేస్తరు? నేనన్న ఇయ్యొద్దా?" అంది.

పెద్దనాయిన, అంటే ఆమె భర్త, గడపలో బీడీ కాలుస్తూ అన్నీ వినేవాడు, ఏమీ విననట్టే ఉండేవాడు. లారీ నడిపిన మనిషి. దేశమంతా తిరిగాడు గానీ సొంత ఇంట్లో మంచినీళ్ల కుండ దాకా ఎన్నడూ పోలేదు. పెద్దమ్మ మిషన్ ఆపి లేచి, నీళ్లిచ్చి వచ్చి మళ్లీ కుట్టేది. పిల్లలు లేరు. ఆమెకు ఆయన, ఆయనకు ఆమె.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయన పత్తి మిల్లులో పనిచేసేవాడు. నడుము పట్టేసి, ఇక బరువులెత్తొద్దని దవాఖానలో చెప్పారు. నేను డ్యూటీకి పోతే ఆయన ఇంట్లో. వంట, బట్టలు, బిడ్డకు జడ, బడి, అన్నీ ఆయనే. ఏం తప్పు? చేతులున్నాయి, చేస్తున్నాడు. కానీ సీరియల్ మా వాడకట్టులో అందరి ఇళ్లల్లో సౌండ్‌తోనే వస్తుంది కదా. కిరాణా కొట్టుకు పోతే, "రా రా వంట బావా! ఇయ్యాల ఉప్మా మాడిందా? అక్క కర్ర తీసిందా?" అని కొట్టాయన. చుట్టూ ఉన్నవాళ్లు ఇకఇకలు. మొదట ఆయన కూడా నవ్వాడు. తర్వాత కొట్టుకు పోవడం మానేశాడు. కొన్నాళ్లకు బిడ్డను బడికి తీసుకుపోవడానికి కూడా సందు చివరి నుంచి చుట్టూ తిరిగి పోతున్నాడు.

ఒకరోజు అన్నాడు: "హైదరాబాద్ పోత. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ పనుందట. సోమవారం పోత."

"మరి బిడ్డ?"

"నువ్వు డ్యూటీ బంద్ జెయ్యి."

ఎంత సులువుగా అన్నాడు! కోపంతో నా ఒళ్లు మండింది. ఆయన మొహం చూస్తే ఆ కోపం కూడా నిలవలేదు. నా ఉద్యోగం పోతుంది, ఆయన ఎక్కడో గేటు దగ్గర ఒంటరిగా నిలబడతాడు, బిడ్డకు నాన్న దూరమవుతాడు. ఇంత పని చేసింది ఒక నవ్వు. ఆ మాటే పెద్దమ్మతో చెప్పుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "రేపు పొద్దుమీకి అల్లున్ని నీ జాకెట్ కోసం పంపు" అంది, అంతే.

మర్నాడు నాకు సెలవు. నేను ఆ గదిలోనే కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి సీరియల్‌లో మొగుడు ఉప్మా మాడబెట్టాడు, గిన్నెలోంచి పొగ. ఆడవాళ్లంతా తెర వైపు చూసి, ఆయన వైపు చూసి, నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు పెద్దమ్మ మొగుడి గొంతు ఎత్తింది. చిన్న గొంతు, అలసిన గొంతు: "ఇగో, నీ బస్సుకు టైమైతాంది. అడుగు మాడింది గని మీదిది మంచిగనే ఉన్నది. డబ్బల పెట్టిన." తెర మీద పెళ్లాం కళ్లెర్ర చేసి ఏదో అరుస్తోంది. దానికి పెద్దమ్మ: "నువ్వు తిన్నవా? నీ నడుము నొప్పి ఎట్లున్నది?"

ఎవ్వరూ నవ్వలేదు. మిషన్ నడుస్తూనే ఉంది. ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మా ఆయన గుమ్మం పట్టుకుని తెరనే చూశాడు. చివరికి, "వాడు నీళ్లు తక్కువ పోసిండత్తమ్మా. గందుకే మాడింది" అన్నాడు.

"మరి చెప్పరాదు వానికి! కూసో" అంది పెద్దమ్మ.

సోమవారం వచ్చింది. ఆయన టమాటా పప్పు వండాడు. హైదరాబాద్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత తర్వాత ఆ గదిలో మొగుడి గొంతు ఆయనదే, పెళ్లాం గొంతు పెద్దమ్మది. వాడకట్టు ఆ గుమ్మం దగ్గర గుమిగూడేది, కొట్టాయన కూడా కొట్టు వదిలి వచ్చి వెనక నిలబడేవాడు. "నవ్వు మాటల్ల ఉండదు బిడ్డా, ఎవలను చూసి నవ్వాల్నో మనం ముందుగాల్నే అనుకొని కూసుంటం" అనేది పెద్దమ్మ. ఇప్పటికీ బస్సులో ఎవరైనా ఎవరినైనా చూసి నవ్వితే నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

మా బిడ్డ ఆ సీరియల్‌ను సౌండ్ లేకుండా చూస్తూ పెరిగింది. ఓసారి హనుమకొండలో మా అన్నయ్య ఇంట్లో అదే సీరియల్ సౌండ్‌తో చూసి బిత్తరపోయింది. "మామా, మీ టీవీ ఖరాబైంది! గీళ్లు తప్పు మాట్లాడుతాండ్లు" అని ఒకటే గొడవ. ఎంత చెప్పినా నమ్మలేదు. ఇంటికి రాగానే అమ్మమ్మకు ఫిర్యాదు చేసింది. పెద్దమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అవు బిడ్డా, ఊరినిండ గసొంటి టీవీలే ఉన్నయి. ఒక్కోటి బాగు జేసుకుంట పోవాలె" అంది.

పెద్దమ్మ పోయిన రోజు ఏటూరునాగారం నుంచి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డ్యూటీ డ్రెస్‌లోనే పోయాను. ఆఖరి చూపు దక్కింది. పెద్దమ్మను కాటికి తీసుకుపోయి వచ్చేసరికి పొద్దు వాలింది. చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు వండి తెస్తారు. మా ఇంటి నుంచి ఆయనే వండి, భుజాన తువ్వాల వేసుకుని, అన్నం గిన్నె పట్టుకుని సందు మధ్యలోంచే వచ్చాడు. కొట్టాయన పక్కకు జరిగి దారిచ్చాడు.

పెద్దనాయిన మాత్రం పళ్లెం ముట్టలేదు. ఆడవాళ్లం ఒకరి తర్వాత ఒకరం బతిమాలాం. ఆయన గోడకు ఆనుకుని ఎటో చూస్తున్నాడు. మా ఆయన గోడ పట్టుకుని, నడుము కూడదీసుకుంటూ ఆయన ఎదురుగా కింద కూర్చున్నాడు. అన్నంలో పప్పు కలిపాడు. మెత్తగా, బిడ్డకు కలిపినట్టే కలిపాడు. ముద్ద చేసి ఆ ముసలాయన నోటి దగ్గర పెట్టి, "మామా" అన్నాడు. వాకిట్లో వాడకట్టంతా చూస్తోంది. పెద్దనాయిన ఆ చేతిని చాలాసేపు చూశాడు. చూసి చూసి, మెల్లగా నోరు తెరిచాడు.