పైన్ చెట్ల కింద దొరికిన కూర

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని మా ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. నేనూ, మా ఆవిడా, రెండు ఫోన్లూ మిగిలాం. పాలు అయిపోయాయనీ, గరాజ్ తలుపు వేశారా అనీ తప్ప మా మధ్య మాటల్లేవు. ఇన్నేళ్ళూ పిల్ల గురించే మాట్లాడుకున్నాం. పిల్ల లేకపోతే మేమిద్దరం మాట్లాడుకోవడానికి అసలేమీ లేదేమోనని నాకు లోలోపల భయం పట్టుకుంది. భయమేస్తే నాకు కోపం వస్తుంది. అయినదానికీ కానిదానికీ విసుక్కునేవాణ్ణి.

మా ఆవిడ నాలా మూతి ముడుచుకుని కూర్చోలేదు. అడవిలో పుట్టగొడుగులు ఏరేవాళ్ళ క్లబ్బులో చేరి, ఆదివారం పొద్దున్నే బుట్ట పట్టుకుని బయల్దేరేది. నేను కార్ల బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీర్ని, దేన్నీ ఊరికే నమ్మను.

“అడవిలో దొరికిందల్లా తిని ఏమైనా అయితే?” అన్నాను.

“అప్పుడు ‘నేను ముందే చెప్పాను’ అనొచ్చు మీరు,” అంది.

వానలు పడ్డాక ఒక ఆదివారం మొహం వెలిగిపోతూ వచ్చింది. బుట్ట నిండా నారింజ రంగు పుట్టగొడుగులు. ఒకదాన్ని చాకుతో కోస్తే క్యారట్ రసంలాంటి పాలు చుక్కలు కట్టాయి. వేళ్ళతో నొక్కిన చోటల్లా ఆకుపచ్చగా మారింది.

“బూజు పట్టింది, పారేయ్.”

“బూజు కాదండీ, దాని గుణమే అంత. మిల్క్ క్యాప్ అంటారు. పైన్ చెట్టు వేళ్ళని అంటిపెట్టుకుని బతుకుతుంది. క్లబ్బులో పెద్దవాళ్ళిద్దరు చూసి ఓకే చేశారు.”

ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, మిరియాల పొడి వేసి బాగా మగ్గనిచ్చింది. ఇల్లంతా కమ్మటి వాసన. అంత సణిగిన నేనే సిగ్గులేకుండా వెళ్ళి కంచం ముందు కూర్చున్నాను. నా కంచంలో నిన్నటి పప్పు పడింది.

“అదేంటి, నాకు?”

“కొత్తరకం మొదటిసారి ఒక్కళ్ళే తినాలి, అదీ కొంచెమే. రెండోవాళ్ళు రేపటిదాకా ఆగాలి. క్లబ్ రూల్. ఇద్దరం పడిపోతే హాస్పిటల్‌కి డ్రైవ్ చేసేదెవరు?”

వండకుండా ఉంచిన ఒక పుట్టగొడుగును కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. ఏమైనా అయితే డాక్టర్‌కి చూపించమంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నాకు పెట్టకుండా తిన్న కూర అదొక్కటే. వద్దని అరిచాను. ఆవిడ నిదానంగా తినేసి చెయ్యి కడుక్కుంది.

ఇక నేను కదల్లేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కడుపులో ఎలా ఉంది, తల తిరుగుతోందా అని అడుగుతూనే ఉన్నాను. బాగానే ఉందంటుంది. ఊరుకుంటే భయమేస్తోంది. అడగడానికి లక్షణాలు అయిపోయి, నోటికొచ్చింది అడగడం మొదలుపెట్టాను. అడవిలో ఏం చూస్తారు? ఎవరెవరు వస్తారు? దారి తప్పితే ఎలా?

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. పైన్ చెట్ల కింద నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టుంటుందట. వెళ్ళిన మొదటి ఆదివారం పిల్ల గుర్తొచ్చి అక్కడే కూర్చుని ఏడ్చిందట.

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదుగా.”

అప్పుడు నేనూ చెప్పాను, ఆఫీస్ నుంచి వచ్చాక గరాజ్‌లో కారు దిగబుద్ధికాక అలాగే కూర్చుండిపోతున్నానని. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. టీ పెట్టుకోవడం కూడా మర్చిపోయి, చీకటి పడేదాకా అలాగే మాట్లాడుకున్నాం.

మర్నాడు ఆవిడ నిక్షేపంగా లేచి తిరిగింది. ఆ రోజు నేను ఇంటినుంచే పని చేశాను. మధ్యాహ్నం నా కంచంలో నాలుగు ముక్కలు పడ్డాయి. గట్టిగా, కాస్త చిరుచేదుగా, చాలా బాగున్నాయి. ఉప్పు కొంచెం తక్కువైంది గానీ ఆ మాట నేను ఎత్తలేదు.

తినడం అయ్యేసరికి ఆవిడ తన ఫోన్ పక్కన పడేసి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇప్పుడు మీరు చెప్పండి, కడుపులో ఎలా ఉంది?” అంది.